ఇంగ్లిషు మాటల్లో ఊనిక: ఏది తప్పు, ఏది వివాదం?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• ఊనిక అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• ఊనికను బట్టి అర్థం మారే మాటలను గుర్తించగలుగుతారు.
• సరిదిద్దుకోవలసిన తప్పుకూ, రెండు విధాలా చెల్లే ఉచ్చారణకూ తేడా తెలుసుకుంటారు.

1. ప్రస్తావన

మాది కుల్కచర్ల. తెలుగు మాధ్యమంలో చదువుకుని, హైదరాబాదులో మొదటి ఇంటర్వ్యూకు వెళ్లాను. నా వృత్తి జీవితం ఎలా ఉండాలనుకుంటున్నానో ఇంగ్లిషులో చెబుతుంటే, ఎదురుగా ఉన్నాయన "ఏ క్యారియర్?" అని అడిగారు. నేను చెప్పిన మాట ఆయనకు అన్నం క్యారియర్‌లా వినిపించింది. నా వ్యాకరణంలో తప్పు లేదు. మాట ఎంపికలోనూ తప్పు లేదు. వృత్తి అనే అర్థంలో రెండో అక్షరాన్ని నొక్కి క'రియర్ అనాలి. నేను మొదటి అక్షరాన్ని నొక్కి 'క్యారియర్ అన్నాను.

ఇలా ఒక అక్షరాన్ని మిగతావాటికంటే బలంగా పలకడమే ఊనిక. దీన్నే ఇంగ్లిషులో స్ట్రెస్ అంటారు. ఇది ఒత్తక్షరం కాదు. ఇక్కడ అక్షరం అంటే ఒక్క పలుకుగా వినిపించే భాగం, అంటే సిలబుల్. ఈ పాఠంలో ' గుర్తు తర్వాత వచ్చే అక్షరాన్ని నొక్కి పలకాలి. మంచి నిఘంటువుల్లోనూ ఇలాంటి గుర్తే ఊనిక ఉన్న అక్షరానికి ముందు ఉంటుంది.

2. మనకు ఎందుకు కష్టం?

తెలుగులో 'పడు', 'పాడు' వేరు మాటలు. 'గడి', 'గడ్డి' వేరు మాటలు. అచ్చు నిడివి, హల్లు ద్విత్వం అర్థాన్ని మారుస్తాయి. ఏ అక్షరాన్ని నొక్కినా అర్థం మాత్రం మారదు. అందుకే మన చెవి పొడుగును పట్టుకున్నంత తేలికగా బలాన్ని పట్టుకోదు. ఇది మీ తెలివికి సంబంధించిన లోపం కాదు, మాతృభాష నేర్పిన అలవాటు.

ఈ సమస్యపై హైదరాబాదులోనే పరిశోధన జరిగింది. 1958లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్, నేటి ఇఫ్లూ, 1969లో ఆర్.కె. బన్సల్ అధ్యయనాన్ని ప్రచురించింది. భారతీయుల ఇంగ్లిషు ఇతరులకు అర్థం కాకపోవడానికి గల ముఖ్య కారణాల్లో ఊనిక తప్పడం ఒకటని ఆ అధ్యయనం చూపింది.

3. ఊనిక ఎలా మారుతుంది?

అ) నామవాచకం, క్రియ: రెండు అక్షరాల మాటలు కొన్నింటిలో నామవాచకానికి మొదటి అక్షరంపైనా, క్రియకు రెండోదానిపైనా ఊనిక ఉంటుంది. బస్సుకు ఉండేది 'పర్మిట్, అనుమతించడం పర్'మిట్. దాచిన పత్రం 'రెకార్డ్. నమోదు చేయడం రి'కార్డ్. అయితే రి'పోర్ట్, రి'ప్లై వంటివి రెండు చోట్లా మారవు.

ఆ) ప్రత్యయం చేరినప్పుడు: 'ఫోటోగ్రాఫ్, ఫ'టాగ్రఫీ, ఫోటో'గ్రాఫిక్. ఒకే కుటుంబంలోని మూడు మాటల్లో ఊనిక మూడు చోట్ల ఉంది. 'ఇక్', 'ఇటీ', 'షన్' అని ముగిసే మాటల్లో ఆ చివరి భాగానికి ముందున్న అక్షరంపై సాధారణంగా ఊనిక పడుతుంది: ఎ'లెక్ట్రిక్, ఎలెక్'ట్రిసిటీ. 'పాలిటిక్స్ వంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి.

4. వివాదం ఎక్కడ?

ఊనిక శాశ్వతం కాదు. నామవాచకానికి ఒక చోట, క్రియకు మరో చోట ఊనిక ఉండే జంటలు 1570 నాటికి మూడే లెక్కకు వచ్చాయి: ఔట్‌లా, రెబెల్, రికార్డ్. 1800 నాటికి వాటి సంఖ్య దాదాపు 70కి, 1934 నాటికి 150కి చేరింది. నేడు 'బాల్కనీ అంటున్న మాటను 19వ శతాబ్దం తొలినాళ్ల వరకు బాల్'కోనీ అనేవారు. కొత్త పలుకుబడిని అప్పట్లో కొందరు పెద్దలు ఈసడించుకున్నారు. ఇప్పుడు అదే సరైనది.

అటువంటి మార్పులు ఇప్పుడూ జరుగుతున్నాయి. పరిగి రోడ్డు మీద రాళ్లు చూపే దూరాన్ని 'కిలోమీటర్ అన్నా, కి'లామీటర్ అన్నా నిఘంటువులు ఒప్పుకుంటాయి. 'కాంట్రవర్సీ, కన్'ట్రావర్సీ రెండూ బ్రిటన్‌లోనే వినిపిస్తాయి. 'హ్యారస్, హ'రాస్ సంగతీ అంతే. షెడ్యూల్, స్కెడ్యూల్ తేడా ఊనికది కాదు. ప్రధానంగా బ్రిటిష్, అమెరికన్ అలవాట్లది. 1917లో ఉచ్చారణ నిఘంటువు వెలువరించిన డేనియల్ జోన్స్, జనం ఎలా పలకాలో శాసించలేదు. ఎలా పలుకుతున్నారో నమోదు చేశాడు. 1990లో వెలువడిన తన నిఘంటువు కోసం జె.సి. వెల్స్ ప్రజల అభిప్రాయాలే సేకరించాడు.

కాబట్టి రెండింటినీ కలిపేయకండి. నిఘంటువు రెండు ఉచ్చారణలు ఇస్తే మీకు అలవాటైనది నిశ్చింతగా వాడండి. ఎవరైనా నవ్వినా తగ్గనవసరం లేదు. ఒకటే ఇస్తే దాన్ని నేర్చుకోండి. నేను 'క్యారియర్' అన్నది వివాదం కాదు, తప్పు. తెలిసిన రోజే దిద్దుకున్నాను.

5. సారాంశం

తెలుగులో నిడివి ఎంత ముఖ్యమో ఇంగ్లిషులో ఊనిక అంత ముఖ్యం. కొత్త మాట నేర్చుకున్నప్పుడు అర్థంతోపాటు ఊనిక గుర్తునూ నోటుబుక్కులో రాసుకోండి. పైకి చదవండి. వీలైతే ఫోన్‌లోని నిఘంటువులో విని సరిపోల్చుకోండి.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. 'ప్రొడ్యూస్' అనే మాట తాండూరు కందుల వంటి పంటను సూచించినప్పుడు ఊనిక ఎక్కడ? పండించడం అనే క్రియగా వాడినప్పుడు ఎక్కడ?
2. 'కిలోమీటర్'ను మీ స్నేహితుడు మరోలా పలికితే సరిదిద్దాలా? ఎందుకు?

జవాబులు: 1. పంట: 'ప్రాడ్యూస్, క్రియ: ప్ర'డ్యూస్. 2. అక్కర్లేదు, రెండు ఉచ్చారణలూ నిఘంటువుల్లో ఉన్నాయి.