వాలు తెలియని హెలికాప్టరు

పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు కుజదోషం అని భయపడేవాళ్ళు ఉన్నారు. ఆ కుజుడు మన భూమి లాంటి ఒక గ్రహం. అక్కడ ఉన్నది మట్టి, రాళ్ళు, దుమ్ము. అంగారకుడు అన్నా అదే.

అమెరికా వారి నాసా సంస్థ పంపిన బండి ఒకటి 2021 ఫిబ్రవరిలో అక్కడ దిగింది. దాని పొట్ట కింద ఒక చిన్న హెలికాప్టరు ఉంది. పేరు ఇంజెన్యుయిటీ. బరువు 1.8 కిలోలు. లోపల మనిషి ఉండడు. తనంతట తానే ఎగిరే రోబో అది.

ఇక్కడి నుంచి దాన్ని నడపలేమా? నడపలేం. మన కబురు అక్కడికి చేరడానికి దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. "పడిపోతున్నాను" అని అది చెప్పినా, మనకు తెలిసేసరికి పడిపోయే ఉంటుంది. అందుకని ఏం చెయ్యాలో ముందే రాసి పంపుతారు. మిగతాది అదే చూసుకోవాలి.

మనకు కళ్ళు, చెవులు ఎలాగో యంత్రానికి సెన్సార్లు అలాగ. కెమెరా నేలను చూస్తుంది. ఇంకొకటి ఎత్తు కొలుస్తుంది. మరొకటి కదలికలను కొలుస్తుంది. ఇవి కాక వాలు కొలిచే సెన్సారు ఉంది. దీని పని ఎగరక ముందే. యంత్రం ఏ పక్కకు ఎంత ఒరిగి ఉందో ఇది చెప్పాలి.

ఇంత చిన్న పని ఎందుకు అంటారా? చేను దున్నేటప్పుడు మొదటి సాలు వంకరపోతే మిగతా సాళ్ళూ వంకరే కదా! ఇక్కడా అంతే. మొదటి లెక్క తప్పితే ఆ తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

2022 జూన్ ఆరంభంలో ఆ వాలు సెన్సారే పాడైంది. అప్పటికి హెలికాప్టరు 28 సార్లు ఎగిరింది. విప్పి బాగు చేద్దామంటే అక్కడ మెకానిక్కు లేడు. మరి ఏం చేశారు?

"ఈ పని ఇంకెవరు చెయ్యగలరు?" అని చూశారు. కదలికల సెన్సారు ఉంది కదా! యంత్రం కదలకుండా ఉన్నప్పుడు కూడా అంగారకుడు దాన్ని కిందికి లాగుతూనే ఉంటాడు. ఆ లాగుడును ఈ సెన్సారు పసిగడుతుంది. దాన్ని బట్టి కింద ఎటు ఉందో, యంత్రం ఎంత వాలిందో లెక్క కట్టవచ్చు. అసలు సెన్సారంత కచ్చితంగా రాదు. కాని పని జరుగుతుంది.

కొత్త ఆదేశాలు రాసి పంపారు. పాడైన సెన్సారు ఇచ్చే తప్పుడు అంకెలను మధ్యలోనే ఆపాలి. వాటి చోట కదలికల సెన్సారు అంకెలు పెట్టాలి. ఇదీ ఆ ఆదేశం. అసలు విశేషం ఏమిటంటే, ఇలాంటి రోజు వస్తుందని ఊహించి, హెలికాప్టరు అంగారకుడిని చేరకముందే ఈ ఉపాయం సిద్ధం చేసి ఉంచారు!

2022 జూన్ 11న హెలికాప్టరు మళ్ళీ ఎగిరింది. సుమారు 180 మీటర్లు పోయి దిగింది. 5 సార్లు ఎగిరితే చాలనుకున్న ఆ యంత్రం మొత్తం 72 సార్లు ఎగిరింది. 2024 జనవరిలో రెక్క దెబ్బతిని దాని పని ముగిసింది.

చూశారా! ఒక భాగం పాడైనంత మాత్రాన యంత్రం మొత్తం పనికిరాకుండా పోదు. ముందు పాడైంది ఏదో కనుక్కోవాలి. ఆ పని మరో దానితో జరుగుతుందేమో చూడాలి.

చర్చించండి:
1. వాలు సెన్సారు ఎప్పుడు పనిచేస్తుంది?
2. మీ ఊళ్ళో మంచినీళ్ళ మోటారు ఆగిపోతే ముందు ఏమేం చూస్తారు? అది బాగయ్యేదాకా నీళ్ళకు ఏం ఏర్పాటు ఉంది?