వేరుశనగ పప్పుకు అఫ్లటాక్సిన్ బెడద - మచ్చు తీయడంలోనే అసలు చిక్కు

ముదిగుబ్బ: ధర్మవరం-పాకాల రైలు మార్గం మీద, అనంతపురం నుంచి కదిరి పోయే రోడ్డు మీద ఉన్న ఈ మండల కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో అప్పుల లెక్కలు చాలా వరకు చెనక్కాయ మీదనే తేలుతూ వచ్చాయి. ఈ సీమలో కాయ కొనే వర్తకుడు చూసేవి నాలుగే. గింజ శాతం ఎంత, తేమ ఎంత, తాలు ఎంత, మట్టి ఎంత. గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపి, నాలుగు ఒలిచి, ఒక గింజ కొరికి ధర చెప్పగల అనుభవజ్ఞులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారి అంచనా కిలో అటూ ఇటూ తప్పడం అరుదు. అయితే కంటికి, చెవికి, పంటికి అందని అయిదో లెక్క ఒకటి ఇప్పుడు సరుకు గతిని నిర్ణయిస్తున్నది. దాని పేరు అఫ్లటాక్సిన్. బూజు విషం.

2025 సెప్టెంబరులో ఇండోనేషియా, ఈ విషం మితిమీరి ఉన్నదన్న కారణంతో, మన దేశపు వేరుశనగ దిగుమతులను నిలిపివేసింది. మన పప్పుకు పెద్ద ఖరీదుదారు ఆ దేశమే కావడంతో ఎగుమతిదార్లలో కలవరం పుట్టింది. యూరప్ మార్కెట్లు ఈ విషయంలో అంతకు ఎంతో ముందు నుంచే పట్టుదలగా ఉన్నాయి. అక్కడికి పోయే ప్రతి లాటుకూ పరీక్ష నివేదిక, ప్రభుత్వ పత్రం జతపడవలసిందే. పత్రం ఉన్నా అక్కడి రేవులో మళ్లీ మచ్చు తీసి చూసే అవకాశం ఉన్నది. సరుకు తిరస్కరణకు గురవుతున్నది ఎక్కువగా ఈ రెండో పరీక్షలోనే. "మా దగ్గర పాసయిన సరుకు అక్కడ ఎందుకు ఫెయిలయింది?" అని వర్తకులు అడుగుతున్నారు. అందులో ఎవరో ఒకరి మోసం ఉన్నదని అనుమానించడం సహజమే. కాని చాలా సందర్భాలలో మోసం ఎక్కడా లేదు. ఉన్నది మచ్చు లెక్క.

ముందు ఈ విషం కథ క్లుప్తంగా. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుచిక్కని జబ్బుతో చచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా, వాటికి పెట్టిన దాణాలోని బ్రెజిల్ వేరుశనగ చెక్క దగ్గర దోషం దొరికింది. ఆ చెక్కలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చని బూజు పుట్టించిన విషం ఉన్నది. బూజు పేరు నుంచే విషానికి పేరు వచ్చింది. అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరిసేవాటికి బీ1, బీ2 అనీ, ఆకుపచ్చగా మెరిసేవాటికి జీ1, జీ2 అనీ పేర్లు పెట్టారు. వీటిలో బీ1 అన్నింటి కన్నా చెడ్డది, కాలేయానికి కేన్సరు తెచ్చేది. వేయించినా ఉడికించినా పూర్తిగా పోదు. మనుషుల మీద దీని దెబ్బ ఎట్లా ఉంటుందో మన దేశంలోనే 1974లో కనబడింది. రాజస్థాన్, గుజరాత్ సరిహద్దుల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని సుమారు నాలుగు వందల మంది కామెర్లతో మంచాన పడగా, 106 మంది చనిపోయారు. ఆ సంగతిని పరిశోధించి లోకానికి చెప్పినది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ.

దీన్ని కొలిచేది పీపీబీలలో. అంటే వంద కోట్ల పాళ్లలో ఒక పాలు. వెయ్యి టన్నుల పప్పులో ఒక్క గ్రాము విషం ఉంటే ఒక పీపీబీ. యూరప్ లో నేరుగా తినే వేరుశనగకు బీ1 2 పీపీబీ, మొత్తం నాలుగు విషాలూ కలిపి 4 పీపీబీ దాటరాదు. ఇంకా ఏరి శుద్ధి చేయవలసిన సరుకయితే 8, 15 వరకు సహిస్తారు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం శుద్ధి చేయవలసిన పప్పుకు 15. అమెరికా 20. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన శుద్ధికి పోయే గింజకు 15, తినడానికి సిద్ధమైనదానికి 10. ఇరవై టన్నుల కంటైనరులో యూరప్ వారు సహించే మొత్తం విషం 80 మిల్లీగ్రాములన్నమాట. చిటికెడు ఉప్పుకు కూడా సరిపోని బరువు.

ఇక మచ్చు సంగతి. తేమ అనేది బస్తా అంతటా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. ఎక్కడ గుచ్చి తీసినా లెక్క దగ్గర దగ్గరగా వస్తుంది. ఈ విషం అట్లా ఉండదు. వేలాది గింజలు నిక్షేపంగా ఉండి, ఏ ఒక్క గింజలోనో మొత్తం విషమంతా పోగుపడి ఉంటుంది. ఒక్క గింజలో పది లక్షల పీపీబీ దాటిన దాఖలాలు 1960ల నుంచీ పరిశోధకులు నమోదు చేస్తూ వచ్చారు. అంత చెడ్డ గింజ తరచుగా తగలదు, నిజమే. కాని తగిలితే ఏమవుతుందో వర్తకులు కాగితం మీద వేసి చూసుకోవడం మంచిది.

నూరు గింజలు 40 గ్రాములు తూగే రకం అనుకుందాము. ఇరవై కిలోలకు ఏభై వేల గింజలు. అందులో పది లక్షల పీపీబీ గింజ ఒక్కటే ఒక్కటి ఉన్నది, మిగిలిన 49,999 గింజలూ శుభ్రం. ఈ ఇరవై కిలోలూ కలిపి రుబ్బి పరీక్ష చేస్తే వచ్చే ఫలితం 20 పీపీబీ. యూరప్ లెక్కకు సరుకు పోయినట్లే. ఇప్పుడు అదే కుప్పలో నుంచి, మామూలుగా మనవాళ్లు పంపే 200 గ్రాముల పొట్లం ఒకటి తీసి ప్రయోగశాలకు పంపామనుకోండి. నూరు సార్లు తీస్తే తొంభై తొమ్మిది సార్లు ఆ గింజ పొట్లంలో పడదు, ఫలితం సున్నా వస్తుంది. పడిన ఆ ఒక్కసారీ 2,000 పీపీబీ అని వస్తుంది. ఒకే సరుకు, రెండు నివేదికలు, రెండూ నిజమే. ఇక్కడ సున్నా చూసి ధైర్యంగా లోడు చేసిన వర్తకుడు అక్కడ 20 అని విని గుండె బాదుకోవడంలో వింత ఏమున్నది?

ఈ కారణం చేతనే యూరప్ నిబంధనలలో పదిహేను టన్నులు దాటిన వేరుశనగ లాటుకు నూరు చోట్ల నుంచి, చోటుకు సుమారు 200 గ్రాముల వంతున, మొత్తం 20 కిలోల మచ్చు తీయాలని రాసి ఉన్నది. పై వరుస బస్తాల నోళ్లు విప్పి తీసిన మచ్చు చెల్లదు. అడుగు వరుస, గోడవైపు వరుస, వానజల్లు తగిలే మూల, అన్నీ అందులోకి రావాలి. తీసిన మచ్చును అంతటినీ మరపట్టి కలిపిన తరువాతనే పరీక్షకు చిన్న పాలు తీయాలి. రుబ్బకుండా గింజల్లో నుంచే గుప్పెడు తీసి పరీక్షించే చోట యంత్రం ఎంత ఖరీదుదయినా దాని మాట లాటరీ టిక్కెట్టు మాటే.

యంత్రాల విషయంలో కొరత తగ్గింది. పెద్ద ప్రయోగశాలల్లో హెచ్.పి.ఎల్.సి. పద్ధతి ఉన్నది, కచ్చితమయినది, ఖర్చయినది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ఎలైజా పద్ధతిని చవకగా తయారు చేసి చూపించారు. దాని సాయంతో ఆఫ్రికాలోని మలావీ రైతు సంఘం తన పప్పును తిరిగి యూరప్ కు పంపగలిగింది. గోదాములోనే నిమిషాల మీద ఫలితం చెప్పే కాగితపు పట్టీలు కూడా వచ్చాయి. కాయ కొనే ముందు చెడ్డ లాటును పక్కన పెట్టడానికి ఈ పట్టీ చాలు. లోడు చేసే ముందు దాన్ని నమ్ముకోవడం సాహసం.

అసలు ఈ విషం సరుకులోకి ఎక్కడ వస్తున్నది? మొదటి మెట్టు చేనులోనే. ఈ మెట్ట భూముల్లో కాయ ఊరే ఆఖరి నెల, నెలన్నర కాలంలో వాన ముఖం చాటేస్తే, నేల వేడెక్కి, మొక్క వాడి, కాయకు తన్ను తాను కాపాడుకునే శక్తి తగ్గుతుంది. నేలలో ఎప్పుడూ ఉండే బూజు అప్పుడు లోపలికి దూరుతుంది. చెదలు తొలిచిన కాయ, కొడవలి, గొర్రు తగిలి పగిలిన కాయ దానికి తలుపు తీసినట్లే. అనంతపురం ప్రాంతపు కరువుకు, ఈ విషానికి ఇంత దగ్గర చుట్టరికం ఉన్నది కాబట్టే 2000 తరువాతి సంవత్సరాలలో ఇక్రిశాట్ అనంతపురం, చిత్తూరు జిల్లాల రైతుల చేలల్లో దీని మీద పరిశీలనలు జరిపింది. వానను వర్తకుడు తేలేడు. పీకిన చెట్టును కాయ పైకి వచ్చేట్లు తిరగవేసి ఆరబెట్టిన రైతు ఎవరో, పచ్చిగానే వామి వేసినది ఎవరో అతనికి తెలియకపోదు. చెట్టు పీకిన తరువాత నేలలో తెగిపోయి, కూలీలు తవ్వి ఏరిన కాయను మంచి కాయలో కలపరాదు. ఎక్కువ చెడు ఆ కాయలోనే ఉంటుంది.

రెండో మెట్టు మాత్రం వర్తకుల చేతుల మీదనే జరుగుతున్నది. ఈ మాట కొందరికి కష్టంగా ఉండవచ్చును. కాయను మర పట్టే ముందు నీళ్లు చల్లే అలవాటు గురించి ఇక్కడ చెప్పవలసి ఉన్నది.

ఎండిన కాయ మరలో పడితే గింజ బద్దలవుతుంది. బద్దకు, నిండు గింజకు ధరలో తేడా ఉన్నది. చేత్తో ఏరిన హెచ్.పి.ఎస్. సరుకులో ఔన్సుకు 60-70, 70-80 కౌంటు పలికించవలసిన మిల్లరు కాయను తడిపి, పట్ట కప్పి, మెత్తబడిన తరువాత ఒలిపిస్తాడు. గింజ నిండుగా వస్తుంది, తూకమూ పెరుగుతుంది. నూటికి ఏడు పాళ్ల తేమ ఉన్న క్వింటాలు కాయకు మూడు కిలోల నీరు పడితే తేమ 9.7 శాతానికి చేరుతుంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ. 7,263 చొప్పున చూస్తే, ఆ మూడు కిలోల నీటి ఖరీదు సుమారు 218 రూపాయలు. మద్దతు ధరకు కొనే కాయకే తేమ 8 శాతం మించరాదన్న షరతు ఉన్నది. ఒలిచిన గింజలో 7 శాతం దాటకుండా ఉంటేనే నిల్వకు భయం లేదు. తడిపి ఒలిచిన గింజను ఆ పూటే పలుచగా పరచి ఆరబెట్టినవారికి పెద్ద నష్టం రాకపోవచ్చు. తడి గింజనే గోతాల్లోకి ఎత్తి, కుట్టి, లారీ ఎక్కించి, రేవులో రేకుల షెడ్డు కింద వారం పది రోజులు ఉంచితే, బయలుదేరేనాడు శుభ్రంగా ఉన్న సరుకు దిగేనాటికి అట్లా ఉండదు. మచ్చు లెక్కతో పాటు, అక్కడి ఫలితానికి ఇక్కడి ఫలితానికి తేడా రావడానికి ఇది రెండో కారణం.

ఇన్ని చిక్కులున్న వర్తకంలో కాంట్రాక్టు కాగితం మీద "అఫ్లటాక్సిన్ నిబంధనల మేరకు" అని ఒక్క ముక్క రాసుకొని సంతకాలు చేయడం చూస్తే జాలి వేస్తుంది. ఏ దేశపు నిబంధన? బీ1 లెక్కా, మొత్తం లెక్కా? మచ్చు ఎన్ని కిలోలు, ఎవరి సమక్షంలో తీస్తారు? రెండు నివేదికలు తేడా వస్తే ఎవరిది ఆఖరు మాట? తిరస్కరించిన సరుకు తిరిగి రావడానికయ్యే ఓడ కిరాయి, అక్కడే తిరిగి ఏరించే ఖర్చు ఎవరిది? బ్రోకర్లు ఈ ప్రశ్నలు బేరం రోజునే అడిగించవలసి ఉన్నది. సీలు వేసిన జంట మచ్చు ఒకటి తన దగ్గర ఉంచుకోని వర్తకుడికి తరువాత వాదించడానికి ఆధారం ఉండదు.

ఈ పరిమితులు అతి అని వాదించేవారు లేకపోలేదు. యూరప్ ప్రమాణం వల్ల ఆఫ్రికా దేశాలకు ఏటా 67 కోట్ల డాలర్ల ఎగుమతులు పోతాయని, దాని వల్ల తప్పే మరణాలు వంద కోట్ల మందికి ఏడాదికి ఒకటిన్నర కూడా లేవని ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు 2001లో లెక్క వేశారు. ఆ వాదంలో బలం ఉన్నది. అయినా వాదం నెగ్గేలోపల కంటైనరు తిరిగి వస్తున్నది. కాఫీ వర్తకులకూ ఇటువంటి పోరే. అక్కడి విషం ఓక్రాటాక్సిన్. పండు సరిగా ఆరకపోతే పుడుతుంది. యూరప్ వారు వేయించిన కాఫీకి అంతకు ముందున్న 5 పీపీబీని 2023 నుంచి 3కు, ఇన్‌స్టంట్ కాఫీకి 10 నుంచి 5కు తగ్గించారు. తగ్గించడమే తప్ప పెంచడం ఆ పక్క కనబడడం లేదు.

ఏరివేసిన గింజల గురించి కూడా ఒక మాట. నల్లబడినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి చేత్తోనో, రంగు పట్టే యంత్రంతోనో తీసివేస్తే మిగిలిన సరుకు చాలా వరకు బాగుపడుతుంది. తీసివేసిన కుప్పలోనే విషం చిక్కబడి ఉంటుంది. అది చవగ్గా నూనె మిల్లుకు పోతున్నది. శుద్ధి చేసిన నూనెలో విషం మిగలదు. గానుగ నూనెలో కొంత మిగులుతుంది. ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది. చెక్క పశువుకు, పశువు నుంచి పాలలోకి. 2018లో ఆహార భద్రతా సంస్థ దేశమంతటా తీసిన 6,432 పాల మచ్చులలో 368 మచ్చులు ఈ విషపు మరో రూపమయిన ఎం1 పరిమితిని దాటాయి. అక్కడ మన పరిమితి 0.5 పీపీబీ, యూరప్ ది 0.05. చెక్క కొనే డెయిరీలు, దాణా మిల్లులు కూడా పరీక్ష నివేదిక అడగడం మొదలుపెడితే, ఇన్నాళ్లూ ఏరివేత గింజకు పలుకుతున్న ధర నిలవదు. ఏరివేత సరుకు నిల్వ పెట్టుకున్నవారు ఈ సంగతి గమనించవలసి ఉన్నది.