మీకు తెలుసా? కళ్లు తెరిస్తే మాట మారిపోతుంది!

వీడియోలో ఒకాయన పెదవులు ‘గ, గ, గ’ అంటున్నట్టు కదులుతున్నాయి. దానికి జోడించిన గొంతు మాత్రం ‘బ, బ, బ’. చూస్తూ వినేవాళ్లలో చాలామందికి వినిపించేది ఈ రెండూ కాదు, ‘డ, డ, డ’! కళ్లు మూసుకుంటే మళ్లీ ‘బ’. గుట్టు ముందే తెలిసినా భ్రమ పోదు, అదీ విడ్డూరం.

ఇంగ్లండ్‌లోని సర్రే విశ్వవిద్యాలయ పరిశోధకులు హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ 1976లో ‘నేచర్’ పత్రికలో దీన్ని వెల్లడించారు. అందుకే ఇది ‘మెక్‌గర్క్ ఎఫెక్ట్’.

ఇంతకీ ‘డ’ ఎక్కడిది? మన అక్షరమాలనే అడగండి. ‘గ’ గొంతు దగ్గర పుడుతుంది, ‘బ’ పెదవుల దగ్గర. పెదవులు కలవకుండా ‘బ’ పలకలేమని మెదడుకు తెలుసు. అందుకని అటు కంటినీ ఇటు చెవినీ నొప్పించకుండా, నోటి నడుమ పుట్టే అక్షరంతో రాజీ చేస్తుంది. ఈ పంచాయతీ ఎక్కువగా జరిగేది కణత వైపు మెదడులోని ఒక మడతలో. అయస్కాంత తరంగాలతో అక్కడి పనిని కాసేపు చెదరగొడితే ఈ భ్రమ తగ్గిందని 2010లో తేలింది.

అన్నిసార్లూ రాజీ కుదరదు. శబ్దం ఎక్కడిదన్న తగువులో కన్నే గెలుస్తుంది. వెంట్రిలాక్విస్టు చేతిలోని బొమ్మే మాట్లాడుతోందని మనం నమ్మేది అందుకే. ఎన్నిసార్లన్న లెక్కలో మాత్రం చెవిదే పైచేయి: వెలుగు ఒక్కసారే మెరిసినా, వెంట రెండు బీప్‌లు వినిపిస్తే రెండు మెరుపులు చూశామనే అంటారు.