మొదటి విడతలో సీటు రాకపోతే

జూలై వచ్చిందంటే మన సొసైటీ ఆఫీసులో అసర్ తర్వాత కుర్చీలు సరిపోవు. ఎప్‌సెట్ (మన ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే అంటాం) మొదటి విడత సీట్లు ప్రకటించిన మర్నాడైతే మరీను. రెండేళ్ల కిందట అలాగే ఒక టైలర్ భాయ్ తన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చారు. అమ్మాయి కోరుకున్న కాలేజీ రాలేదు, ఎనిమిదో ఆప్షన్ వచ్చింది. "ఆ కాలేజీ వాళ్లే ఫోన్ చేశారు భాయ్, మేనేజ్‌మెంట్ సీటు ఉందంట, రేపటిలోగా అడ్వాన్సు కట్టమంటున్నారు. ఉన్న ప్లాటు అమ్మేద్దామనుకుంటున్నా" అన్నారు. అమ్మాయి తల వంచుకొని కూర్చుంది.

అడ్వాన్సు కట్టొద్దని మాత్రం ఆ పూటే గట్టిగా చెప్పాం. కారణం ఏమిటో దాతలైన మీకూ తెలియాలని ఇది రాస్తున్నాను. మీరిచ్చే డబ్బుకు ఈ కౌన్సెలింగ్ రోజుల్లో ఉన్నంత విలువ మరెప్పుడూ ఉండదు.

మొదటి విడతలో మంచి సీట్లు పట్టినవారంతా అక్కడ చేరరు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో సీటు వచ్చినవారు వెళ్లిపోతారు. కొందరు గడువులోగా ఫీజు కట్టరు, ఆన్‌లైన్‌లో రిపోర్ట్ చేయరు. అలాంటి సీటు దానంతటదే రద్దై రెండో విడతకు వస్తుంది. ఒక్కోసారి కొత్త సెక్షన్లకు అనుమతులు కూడా ఆలస్యంగా వస్తాయి. అందుకే నిరుటి ముగింపు ర్యాంకులు చూసేటప్పుడు మొదటి విడతవి చూసి నిరాశపడకూడదు, చివరి విడతవి చూడాలి. అబ్బాయిలకు, అమ్మాయిలకు, ఒక్కో కేటగిరీకి విడివిడిగా కౌన్సెలింగ్ వెబ్‌సైటులోనే ఇస్తారు. టైలర్ భాయ్ ఇంట్లో చూసింది ఓసీ అబ్బాయిల గడి! బీసీ-ఈ అమ్మాయిల గడిలో చూస్తే ఆశకు తావుంది.

ఇక అసలు మెలిక రెండో విడత ఆప్షన్లలో ఉంది. మొదటి విడతలో పెట్టిన ఆప్షన్లు ఇక్కడ పనికిరావు, మళ్లీ కొత్తగా పెట్టాలి. రెండో విడతలో ఏ సీటు వచ్చినా పాతది పోతుంది, వెంటనే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అంటే చేతిలో ఉన్నదానికంటే నిజంగా మెరుగైనవి మాత్రమే పెట్టాలి. "ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిది" అని మొదటి విడతకు చెప్పే సలహాను రెండో విడతలోనూ పాటించి, ఉన్న మంచి సీటు పోగొట్టుకున్న అబ్బాయిని చూశాను. ఇంటర్నెట్ సెంటర్‌లో ఎవరో పక్కన కూర్చొని అరవై ఆప్షన్లు నొక్కించారట. దాని ముందు చేయాల్సిన పని మరొకటుంది. మొదటి విడత సీటు నచ్చకపోయినా ఫీజు కట్టి, రిపోర్ట్ చేసి నిలుపుకోవాలి. లేకపోతే రెండో విడతలో ఏదీ రాకుంటే రెండూ లేకుండా పోతాయి.

ఆప్షన్ల వరుస గురించి పిల్లలకు ఉన్న భయం కూడా తీర్చాలి. రానిది పైన పెడితే వచ్చేది పోతుందేమోనని, తమకు తగినదనుకున్న కాలేజీని ఒకటో నంబరులో పెడతారు. కంప్యూటర్ అలా చూడదు. ర్యాంకు ప్రకారం ఒక్కొక్క విద్యార్థి జాబితాను పైనుంచి కిందికి చదువుకుంటూ పోయి, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇస్తుంది. పై ఆప్షన్ దొరకనంత మాత్రాన కింది ఆప్షన్‌లో అవకాశం తగ్గదు. మనసులో ఉన్న వరుసే కాగితం మీదా ఉండాలి.

కాగితాల మాట వస్తే, మన పిల్లలు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఈ రిజర్వేషన్ షేక్‌లకు, మరికొన్ని వర్గాలకు వర్తిస్తుంది. సయ్యద్, పఠాన్, మొఘల్ మొదలైనవారికి వర్తించదు. వారిలో పేదలు పది శాతం ఈడబ్ల్యూఎస్ కోటాకు సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. దూదేకులవారు బీసీ-బీ కింద వస్తారు. ఆదాయ సర్టిఫికెట్ ఆ ఏడాది జనవరి 1 తర్వాత తీసినదై ఉండాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది, అంటే ఏప్రిల్ తర్వాత మీసేవలో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకొక స్పెల్లింగు, టీసీలో కులం దగ్గర ఉత్త "ముస్లిం" అని ఉన్నవాళ్లు ఎందరో. ఇవి జూలైలో సరిదిద్దుకునే పనులు కావు, మార్చిలోనే మొదలుపెట్టాలి. రిజిస్ట్రేషన్‌కు ఇచ్చే ఫోన్ నంబరు కూడా ఇంట్లోవాళ్లదే కావాలి. ఓటీపీ ఇంటర్నెట్ సెంటర్ అతని ఫోనుకు వెళ్తే గడువు రోజు అతని కోసం ఊరంతా వెతకాల్సి వస్తుంది.

చివరి విడత అయ్యాక చేరిన కాలేజీలోనే బ్రాంచి మార్చుకునే స్లైడింగ్ ఉంటుంది. ఆ తర్వాత మిగిలినవి స్పాట్ అడ్మిషన్లు. స్పాట్‌లో చేరినవారికి, మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "స్పాట్‌లో పెద్ద కాలేజీ వస్తుంది" అని ఎవరైనా చెబితే నాలుగేళ్ల ఫీజు లెక్క వేసుకున్నాకే కదలాలి. పొరపాటున ఎక్కడైనా కట్టినా దిగులు పడవద్దు. ప్రకటించిన ఆఖరి తేదీలోగా సీటు వదులుకుంటే వెయ్యి రూపాయలకు మించకుండా మినహాయించి మిగతాది వాపసు ఇవ్వాలని ఏఐసీటీఈ నిబంధన. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపుకోకూడదని కూడా ఉంది. నోటిమాటగా అడిగితే వినరు, రాతపూర్వకంగా అడగాలి.

మెడిసిన్ పిల్లలకు ఒక్క హెచ్చరిక. నీట్ ఆలిండియా కోటాలో మొదటి రౌండు సీటు వదులుకున్నా నష్టం లేదు. రెండో రౌండు నుంచి డిపాజిట్ పోతుంది. ఆఖరి స్ట్రే రౌండులో సీటు వచ్చి చేరకపోతే మరుసటి ఏడాది కౌన్సెలింగుకు కూడా దూరమవుతారు. చూద్దాంలే అని ఆ రౌండులో ఆప్షన్ పెట్టకూడదు.

మళ్లీ ఆ అమ్మాయి దగ్గరికి వద్దాం. మొదటి సీటు నిలుపుకొని, రెండో విడతలో అయిదే ఆప్షన్లు పెట్టింది, మూడోది వచ్చింది. మొదటి కోరిక తీరలేదు, అయితే అడిగిన బ్రాంచి దొరికింది. కాలేజీ ఫీజు ఏడాదికి 95,000. తెలంగాణలో ర్యాంకు పది వేల లోపుంటే రీయింబర్స్‌మెంట్ పూర్తిగా వస్తుంది, దాటితే 35,000 వరకే. ఈ అమ్మాయి ర్యాంకు పది వేలు దాటింది. అంటే ఏడాదికి 60,000, నాలుగేళ్లకు 2,40,000 ఇంటివాళ్లే చూసుకోవాలి. మొదటి 60,000 కట్టడానికి గడువు మూడు రోజులు. మన ఖాతాలో ఆ నెల మిగిలింది ఇరవై వేలు.

మన దగ్గర జకాత్ సొమ్ము రంజాన్‌లో వస్తుంది, చాలావరకు ఈద్‌లోపే పంచేస్తాం. ఈమధ్య ఏళ్లలో రంజాన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడుతోంది. ఫీజు గడువులేమో జూలై, ఆగస్టుల్లో. జకాత్‌ను అన్నాళ్లు ఆపి ఉంచవచ్చా లేదా అన్నది ఉలమాను అడిగి తేల్చుకోవాల్సిన సంగతి. సదఖాకు ఆ చిక్కు లేదు. జూలై మొదటి వారంలో ఇస్తానని మాట ఇచ్చే పదిమంది దాతలున్నా మా పని సగం తేలికవుతుంది. ఇంకో మాట, మొదటి ఏడాది ఫీజు కట్టడానికి ముందుకొచ్చేవారు చాలామంది ఉంటారు, మూడో ఏడాదికి అడిగేవారు ఉండరు. ప్రభుత్వం నుంచి రావలసింది ఆలస్యమైతే కాలేజీలు తల్లిదండ్రుల మీదే పడతాయి. నాలుగేళ్లకు ఒక్క పిల్లను తీసుకోవడం నలుగురికి ఒక్కో ఏడాది కట్టడం కంటే మేలని నా అభిప్రాయం. కమిటీలో అందరూ దీనికి ఒప్పుకోరు.

ఆ రాత్రి ఇషా తర్వాత మస్జిద్ మెట్ల దగ్గర ఒక పెద్దాయనతో విషయం చెప్పాను. ఆయన ఇంకేమీ అడగకుండా మర్నాడు పదకొండు గంటలకల్లా నలభై వేలు పంపారు. టైలర్ భాయ్ ప్లాటు అలాగే ఉంది. అమ్మాయి ఇప్పుడు మూడో ఏడాదికి వచ్చింది, ఈ జూలైకి మళ్లీ 60,000 కావాలి.