పిల్లల పక్కన నిలబడే మోటారుసైకిళ్ళ వాళ్ళు

రాత్రి పన్నెండింటికి బయటికి వెళ్ళాల్సి వస్తే మనం ఏం చేస్తాం? పక్క మంచం వాళ్ళని లేపుతాం. వాళ్ళేమీ దయ్యంతో పోట్లాడరు. ఆవలిస్తూ గుమ్మం దగ్గర నిలబడతారు, అంతే. అయినా మన భయం సగం పోతుంది. సరిగ్గా ఇదే పని చేసే సంఘం ఒకటి అమెరికాలో ఉంది.

అక్కడ యూటా రాష్ట్రంలో జాన్ పాల్ లిల్లీ అనే ఆయన, పెద్దవాళ్ళ చేతిలో హింస, లైంగిక వేధింపులు అనుభవించిన పిల్లలను ఆటలాడిస్తూ వాళ్ళ మనసు కుదుటపరిచేవారు. ఒక ఎనిమిదేళ్ళ బాబు భయంతో ఇల్లు కదిలేవాడు కాదు. లిల్లీ గారికి మోటారుసైకిళ్ళంటే ఇష్టం. తోటి బండివాళ్ళను వెంటబెట్టుకుని ఆ బాబు ఇంటికి వెళ్ళారు. అలా 1995లో సంఘం పుట్టింది. పేరు 'బైకర్స్ ఎగెనెస్ట్ చైల్డ్ అబ్యూజ్'. పొట్టిగా 'బాకా' అంటారు. (మన బాకా ఊదేది, ఇది వేరే!) ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది.

వీళ్ళు గడ్డాలు, పచ్చబొట్లు, తోలు కోట్లతో చూడ్డానికే భయంగా ఉంటారు. నేనైతే నేరస్తుణ్ణి పట్టుకుని తంతారేమో అనుకున్నాను, సినిమాలో లాగ. కాదు. కొట్టడం వాళ్ళ పని కాదు. ముందు కేసు అధికారుల దాకా వెళ్ళి ఉండాలి. పెద్దవాళ్ళు ఒప్పుకోవాలి. అప్పుడు బండ్లన్నీ వరసగా ఆ ఇంటికి వస్తాయి. పిల్లకి వాళ్ళలాంటిదే చేతుల్లేని కోటు ఇస్తారు, ఒక బండి పేరు పెడతారు. ఎలుగుబంటి బొమ్మ కూడా ఇస్తారు. ఇచ్చేముందు అందరూ దాన్ని ఒక్కొక్కరే కౌగలించుకుంటారు. దగ్గర్లో ఉండే ఇద్దరు సభ్యులు ఆ పిల్లకి తోడు. భయమేస్తే వాళ్ళకి ఫోన్ చేయవచ్చు. రాత్రి నిద్ర పట్టకపోతే ఇంటి బయట కాపలా కూడా కూర్చుంటారు.

మరి ఆ బండివాళ్ళే చెడ్డవాళ్ళయితే? దానికీ ఆలోచించారు. చేరేవాళ్ళ వేలిముద్రలు తీసి పాత నేరాలు ఏమైనా ఉన్నాయా అని చూస్తారు. ఏ సభ్యుడూ పిల్లతో ఒంటరిగా ఉండకూడదు.

అన్నిటికన్నా కష్టం కోర్టు. తనకి హాని చేసినవాడు ఎదురుగా కూర్చుని ఉంటే పిల్లకి నోరు పెగులుతుందా? అందుకే బండివాళ్ళు కోర్టుకి కూడా వస్తారు. మాట్లాడరు. పిల్ల తలెత్తితే కనిపించేలా కూర్చుంటారు.

మన దేశంలో 2012లో పోక్సో చట్టం వచ్చింది. దాని ప్రకారం సాక్ష్యం చెప్పే పిల్లలకి నిందితుడు కనబడకుండా కోర్టు చూడాలి. పిల్లలు నమ్మేవాళ్ళను పక్కన ఉండనివ్వాలి. మాట రాసుకోవడానికి పోలీసులు యూనిఫారంలో రాకూడదు. తెలిసి కూడా చెప్పకుండా దాచిన పెద్దవాళ్ళకు శిక్ష ఉంది. పిల్లలకు ఆ శిక్ష లేదు.

1098 నంబరుకి రాత్రయినా పగలయినా పైసా ఖర్చు లేకుండా ఫోన్ చేయవచ్చు. ఎవరైనా ఆఫీసు గదిలో ఫోన్ అడిగితే, ఎందుకు, ఎవరికి అని అడగకుండా ఇవ్వమని వార్డెన్ సారుకీ, మేడంకీ మనవి.