పెరటి చేపల తొట్టి: రెండో తొట్టిని కలపడం ఎలా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని నల్లకుంట హాస్టల్ నుంచి కబురు వచ్చినప్పుడు, ఎమ్మెస్సీ జువాలజీలో చదివిన పాఠం కన్నా తార్నాకలో మా మేనమామ పెరట్లో నేర్చుకున్న పాఠం రాయడమే మంచిదనిపించింది. ఆ పాఠానికి నా స్కాలర్‌షిప్ డబ్బులో 4,500 రూపాయలు, 31 చేపలు ఖర్చయ్యాయి. మీకు అంత ఖర్చు కాకూడదనే ఈ వ్యాసం.

మామ ఒక పాత ఇంటికి కాపలా ఉంటాడు. యజమాని అనుమతితో, ఆ పెరట్లో నేలలోకి కట్టి ఉన్న సిమెంటు తొట్టిలో 40 రవ్వ, బొచ్చె పిల్లలను వదిలాం. తొట్టి పొడవు 10 అడుగులు, వెడల్పు 8, లోతు 3. అంటే 240 ఘనపు అడుగులు. ఒక ఘనపు అడుగుకు 28 లీటర్లకు పైగా నీళ్లు పడతాయి కనుక మొత్తం సుమారు 6,800 లీటర్లు. చేపలు పెరిగేకొద్దీ తెల్లవారుజామున పైకి తేలి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి.

దీనికి కారణం ఉంది. రాత్రి వెలుతురు ఉండదు కాబట్టి నాచు ఆక్సిజన్ తయారు చేయదు. కానీ నాచూ, చేపలూ పీల్చుకోవడం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారే ముందు నీటిలో ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములైనా ఉంటే చేపలకు మంచిది. పైగా చేపల విసర్జన, మిగిలిన మేత వల్ల అమ్మోనియా చేరుతుంది. అది చేపలకు విషం. కంకర మీద పెరిగే బాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్‌ను మొక్కలు తీసుకుంటాయి.

అందుకని పక్కనే నేలకు పైన 6 అడుగుల పొడవు, 4 వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న రెండో తొట్టి కట్టి, కంకర పోసి మొక్కలు పెట్టాను. చిన్న మోటారు కింది తొట్టి నీళ్లను పైకి ఎక్కిస్తుంది. పై తొట్టి నుంచి గొట్టం ద్వారా అవి మళ్లీ కిందికి పడతాయి. లెక్కంతా కాగితం మీద సరిగ్గానే ఉంది.

ఒక రాత్రి గాలివాన వచ్చింది. వేపాకులు రాలి, తిరుగు గొట్టం మూతికి కట్టిన వలను మూసేశాయి. పై తొట్టి నిండి నీళ్లు పెరట్లోకి పొర్లాయి. అడుగున పెట్టిన మోటారు కింది తొట్టిని తోడుతూనే ఉంది. పొద్దున లేచి చూస్తే బురదలో 31 చేపలు చచ్చిపడి ఉన్నాయి.

తాపీ పని చేసే మా నాయిన ఊరి నుంచి వచ్చి, తొట్ల చుట్టూ ఒకసారి తిరిగి, ఒకే మాట అడిగాడు: "అలుగేది బిడ్డా?"

నాయిన బడికి పోలేదు. నేను మా ఇంట్లో మొదటి డిగ్రీవాణ్ణి. కానీ ఆ ప్రశ్న నాకు తట్టలేదు. మన ఊళ్ల గొలుసుకట్టు చెరువులన్నీ ఆ సూత్రం మీదే నడుస్తాయి. పై చెరువు నిండితే అలుగు దూకి, ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. పాకాల, రామప్ప వంటి చెరువులను కాకతీయుల కాలంలో కట్టినవాళ్లు కట్టతోపాటు అలుగునూ కట్టారు. మన నల్లకుంట మీదుగా మూసీకి పోయే నాలా కూడా హుస్సేన్ సాగర్ మిగులు నీళ్లు పోయే దారే. 2000 ఆగస్టు వరదలో ఆ నాలా పక్క లోతట్టు బస్తీలు మునిగాయి. మిగులు నీటికి చాలినంత దారి లేకపోతే అది ఇళ్లలోకి దారి చేసుకుంటుంది. మా పెరట్లో జరిగింది కూడా అదే.

నాయిన, నేను కలిసి మళ్లీ చేసిన పద్ధతి ఇది:

1. అలుగు: పై తొట్టి గోడకు, కింది తొట్టి వైపు, అంచుకు 4 అంగుళాల కింద వెడల్పాటి గండి పెట్టాలి. గొట్టం మూసుకుపోయినా నీళ్లు కింది తొట్టిలోనే పడతాయి. ఎత్తులు సరిచూడడానికి మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు.

2. తిరుగు గొట్టం: మోటారు తోసే నీళ్లకు బలం ఉంటుంది, వాలు మీద వచ్చే నీళ్లకు ఉండదు. అందుకే ఎక్కించే గొట్టం 1 అంగుళం అయితే దించే గొట్టం 3 అంగుళాలు పెట్టాం.

3. వల: గొట్టం మూతికి బిగించి కట్టకూడదు. దాని చుట్టూ బుట్టలా నిలపాలి. కొన్ని ఆకులు పడినా మిగతా వైపుల నుంచి నీళ్లు పోతాయి.

4. మోటారు: అడుగున కాకుండా ఇటుకల మీద అడుగున్నర ఎత్తులో పెట్టాలి. ఏం జరిగినా చేపలకు అడుగున్నర నీళ్లు మిగులుతాయి. మోటారుకు ఎర్త్ తప్పనిసరి. స్విచ్ ఆపి, ప్లగ్ తీయకుండా నీళ్లలో చెయ్యి పెట్టవద్దు.

5. కొత్త సిమెంటు: దాని సున్నం నీళ్లలో కలిసి క్షారగుణం పెరుగుతుంది. రెండు మూడు వారాలు నీళ్లు నింపుతూ, పారబోస్తూ ఉండాలి. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్యకు వచ్చాకే రెండు తొట్లను కలపాలి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోవడానికి ఒకటి రెండు రోజులు ఎండకు ఉంచాలి. ముందు నాలుగైదు చేపలతో చూసి, తర్వాతే మిగతావి వేయాలి.

కొందరు రెండు తొట్లనూ ఒకే ఎత్తులో కట్టి అడుగున గొట్టంతో కలుపుతారు. అప్పుడు నీటిమట్టం రెండింటిలో సమానమవుతుంది గానీ నీళ్లు వాటంతట అవి తిరగవు. ఒకదాని నుంచి తోడి రెండోదానిలో పోసే మోటారు అప్పుడూ కావాలి. కదలకుండా, చేపలు లేకుండా నిలిచిన నీళ్లు దోమలకు ఇల్లు. దోమలు ఏం చేస్తాయో నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ పక్కన ఉండే మనకు చెప్పనక్కర్లేదు. దోమలోనే మలేరియా క్రిమిని 1897లో మన సికింద్రాబాద్‌లో కనుగొన్న రోనాల్డ్ రాస్ పేరే ఆ ఆసుపత్రికి పెట్టారు.

మొన్నటి వానలకు వల మళ్లీ మూసుకుపోయింది. రాత్రంతా అలుగు పారింది. పొద్దున లెక్క పెడితే ఒక్క చేప కూడా తగ్గలేదు. ఆ సంగతి ఫోన్‌లో చెబితే నాయిన నవ్వి, "వల కడిగినవా?" అని అడిగాడు.

మన హాస్టల్ వెనక వాడకుండా పడి ఉన్న తొట్టి ఒకటి ఉంది కదా. వార్డెన్ సారు ఒప్పుకుంటే ఒక ఆదివారం వస్తాను. కొలతలు మీరు తీయండి, ట్యూబు నేను తెస్తాను.