కెర్నెల్‌లో చేరే కొత్త విద్యార్థి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆటలు, పాటలు, కెమెరా మనకు కనిపిస్తాయి. వాటి కింద కనిపించకుండా పనిచేసేది కెర్నెల్. యాప్‌లకు మెమరీ పంచడం, ప్రాసెసర్‌ను ఎవరు ఎంతసేపు వాడాలో నిర్ణయించడం, స్క్రీన్, స్పీకర్ వంటి పరికరాలను నడపడం దాని పనులు. ఆండ్రాయిడ్‌లో ఉన్నది లైనక్స్ కెర్నెల్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టాడు.

కెర్నెల్‌కు కొత్త పని నేర్పాలంటే ప్రతిసారీ దాన్నంతా మళ్ళీ తయారు చేయనక్కరలేదు. అది నడుస్తుండగానే ఒక చిన్న ముక్కను చేర్చవచ్చు, తీసేయవచ్చు. దాన్నే మాడ్యూల్ అంటారు. నాన్నకో అమ్మకో బదిలీ అయితే, సంవత్సరం మధ్యలో మనం కొత్త బడిలో చేరడం లాంటిదే ఇది. మన కోసం బడి ఆగదు.

అతి చిన్న మాడ్యూల్‌ను సీ భాషలో పదిహేను వరుసల్లో రాయవచ్చు. అందులో రెండు ఫంక్షన్లు ముఖ్యం. ఒకటి చేరేటప్పుడు, మరొకటి వెళ్ళేటప్పుడు నడుస్తాయి. మొదటిది "నమస్తే", రెండోది "సెలవు" అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తుందనుకుందాం. ఇక్కడ ప్రింట్ఎఫ్ ఉండదు, ప్రింట్‌కే వాడాలి. ఆ మాటలు కెర్నెల్ లాగ్‌లో పడతాయి.

తర్వాత, మాడ్యూల్ నడవబోయే ప్రాసెసర్‌కు తగినట్టు కంపైల్ చేయాలి. చాలా ఫోన్లలో ఆర్మ్ ప్రాసెసర్ ఉంటుంది కాబట్టి క్రాస్ కంపైలర్ అవసరమవుతుంది. తయారైన ఫైలును ఏడీబీతో ఫోన్‌లోకి పంపి, రూట్ అధికారంతో "ఇన్స్‌మాడ్" ఆదేశం ఇవ్వాలి. "ఎల్ఎస్‌మాడ్" జాబితాలో దాని పేరు, లాగ్‌లో "నమస్తే" కనిపిస్తాయి. "ఆర్ఎమ్‌మాడ్" ఇస్తే "సెలవు" చెప్పి వెళ్ళిపోతుంది.

కొత్త బడిలో చేరేటప్పుడు సాధారణంగా టీసీ అడుగుతారు కదా! కెర్నెల్ కూడా అంతే. మాడ్యూల్ ఏ వెర్షన్ కోసం తయారైందో చూస్తుంది. సరిపోకపోతే చేర్చుకోదు. కొన్ని కెర్నెళ్ళు డిజిటల్ సంతకం కూడా అడుగుతాయి. బడి వదిలేటప్పుడు లైబ్రరీ పుస్తకాలు తిరిగి ఇచ్చినట్టే, మాడ్యూల్ తాను తీసుకున్న మెమరీని వెళ్ళేముందు తిరిగి ఇవ్వాలి. లేకపోతే ఫోన్‌ను ఆపి మళ్ళీ ఆన్ చేసేదాకా ఆ మెమరీ ఎవరికీ దక్కదు.

ఇంత కట్టడి ఎందుకు? యాప్‌లో తప్పుంటే ఆ యాప్ ఒక్కటే మూసుకుపోతుంది. మాడ్యూల్‌లో తప్పుంటే ఫోన్ మొత్తం ఆగిపోవచ్చు. చెడు ఉద్దేశంతో రాసిన మాడ్యూల్ ఫోన్‌లోని సమాచారమంతా చూడగలదు.

అందుకే ఈ ప్రయోగం ఇంట్లోవాళ్ళ ఫోన్‌లో చేయకండి. రూట్ అధికారం కోసం బూట్‌లోడర్ తాళం తీస్తే, సాధారణంగా అందులోని ఫోటోలు సహా అన్నీ చెరిగిపోతాయి. కంప్యూటర్‌లో ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ పెట్టుకోండి. అది ఎన్నిసార్లు ఆగిపోయినా, మళ్ళీ మొదలుపెట్టవచ్చు.